హాజర్ అనని బడి

తుమ్మలకుంట (చిట్యాల దగ్గర)
ఉగాది పోయిన ఆరో దినం, 1949

రఘుపతి పంతులు గారికి, గాలయ్య పెద్దకొడుకు భిక్షం దండం పెట్టి రాసేది.

నేను యాదికున్ననా? రెండో తరగతి సగంల బడి ఇడిసిపెట్టి ఎడ్లెనుక పోయిన భిక్షాన్ని. "నోరు లేకుంటే పాయెరా, చెయ్యి ఉన్నది గద, రాయి" అని మీరే అన్నరు. గందుకే రాస్తున్న. మనుషుల ముంగట నాకు నోరు పెగలదు. కార్డు మీద ఐతే జర పెగులుతది. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండ్రి.

పోయిన ఎండకాలం మీరు బడికి సెలవులిచ్చిండ్రు. మూడోనాడే బడిల నైజాం పోలీసుల క్యాంపు దిగింది. మిమ్ముల గంటల బడి ఖాళీ చెయ్యమన్నరు, మీరు కొత్తకోటకు పోయిండ్రు. గా సెలవులు ఇంకా ఒడువలే. సెలవులల్లనే పోలీస్ యాక్షన్ అయింది, సెలవులల్లనే నైజాం రాజ్యం పోయింది, పంట కోసినం, మల్ల ఎండకాలం వచ్చింది. ఇంత పెద్ద సెలవులు ఏ బడికి ఇయ్యలేదని మా తమ్ముడు ఐలేశం గొప్పగ చెప్పుకుంటడు. వానికి ఇప్పుడు ఎనిమిదేండ్లు.

మిరుగు కార్తెల బడి తెరుస్తరని అంటున్నరు. ఐలేశం పోనంటుండు. అమ్మ పంపనంటుంది. మా ఇంట్ల సంగతి మీకు చెప్పాలె. నైజాంకు ఎదురు తిరిగిన సంగపోళ్లకు బువ్వ పెట్టిండ్రని క్యాంపోళ్లు ఊర్లె మొగోళ్లను బడిల పెట్టిండ్రు. ఇరవై ఒక్క దినాలు. మా నాయిన గుడ. పొద్దుమాపు గంట కొట్టి పేర్లు పిలిచేటోళ్లు. పేరు పిలిస్తే లేచి నిలవడి హాజర్ అనాలె. అనుడు ఆలిశమైతే కట్టె.

ఇప్పుడు నాయిన ఇంటికాడనే ఉన్నడు, మంచిగ దున్నుతుండు. కని ఎవలన్న "గాలయ్యా" అని గట్టిగ పిలిస్తే ఏ పనిల ఉన్నా లేస్తడు. చేతులు దగ్గర పెట్టి హాజర్ అంటడు. అన్నంక తలకాయ వంచుకొని కూసుంటడు. వాడకట్టు పోరగాండ్లు కావాలని పిలుస్తరు. ఐలేశం ఇద్దరిని కొట్టిండు, ఒకని పన్ను ఊడింది. అది పాలపన్నే.

మీరు రాండ్రి పంతులు. మీరొస్తే వాడు పోతడేమో. మీ మీద ఇక్కడ ఎవ్వలకు ఏ కోపం లేదు, ఫికర్ చేయకుండ్రి.

కార్డుల జాగ లేదు.
భిక్షం


కొత్తకోట
14 ఏప్రిల్ 1949

చిరంజీవి భిక్షానికి ఆశీస్సులు.

నీ కార్డు అందింది. దిద్దుదామని కలం తీసి, చదివాక మళ్లీ మూత పెట్టేశాను. రెండో తరగతి సగంలో పోయిన పిల్లవాడు ఇంత రాయగలడని నాకు తెలియదు. ఆ రోజుల్లో నిన్ను వెనక వరసలో కూర్చోబెట్టాను. తప్పు నాదే.

మీ నాన్నగారి సంగతి రెండుసార్లు చదివాను.

జూన్ పదమూడు, సోమవారం నాడు బళ్లన్నీ తెరవాలని ఉత్తరువు వచ్చిన మాట నిజమే. అయితే నేను ఇక్కడ మా అక్కయ్య ఇంట్లో ఉంటున్నాను. కొత్తకోట బడిలోనే వేయమని అర్జీ పెట్టుకున్నాను. మీ ఊరికి ఇంకొక మంచి పంతులు వస్తాడు.

ఐలేశం విషయంలో దిగులు పడకు. సెలవుల తర్వాత పిల్లలందరూ మారాం చేస్తారు. బడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పు. భయపడవద్దని చెప్పు. పొద్దున్నే లేపి, స్నానం చేయించి, పలక చేతికి ఇవ్వు. నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు తానే వెళ్తాడు.

ఒక్క సంగతి రాయి. బడిలో చెక్క బీరువా ఉండేది. అది ఉందా? అందులో వస్తువులు ఏమైనా మిగిలాయా?

ఇట్లు,
రఘుపతి


తుమ్మలకుంట
మామిడికాయ తొక్కు పెట్టిన దినం

పంతులు గారికి భిక్షం దండాలు.

మీరు చెప్పినట్టే చేసిన. పొద్దుగాల లేపిన. తానం చేపిచ్చిన. పలక చేతికిచ్చిన. వాడు పలక ఇసిరి చింతచెట్టు ఎక్కిండు. పెయ్యంత మట్టి చేసుకొని దిగిండు. మల్ల తానం. మల్ల చెట్టు. మూడోసారి అమ్మ నన్నే తిట్టింది, నీళ్లు నువ్వు మోసుకొస్తవా అని.

"భయపడకురా" అన్న.

"నేను భయపడ్తలేను. నువ్వే పో బడికి."

"నాకు పదిహేనేండ్లురా."

"నాయినకు నలభై. నాయిన పోలేదా బడికి?"

ఇగ నేనేమంట పంతులు? మీరుంటే ఏమనేటోళ్లో రాయండ్రి.

వానితోని చెప్పుడు అయితలేదు. చెప్తే వినే భయం కాదు అది. నాకు ఒకటి అనిపిచ్చింది, నవ్వకుండ్రి. మా ఇంట్ల తెల్లకోడె ఉన్నది. నాయిన దానికి కాడి అలవాటు చేస్తుండు. మంది ఐతే మెడ మీద కాడి పెట్టి, మునికట్టెతోని పొడిచి, నాగలికి గడ్తరు. నాయిన గట్ల చెయ్యడు. నాలుగు దినాలు కాడిని గడ్డి ఏసే కాడ ఊకె పెడ్తడు. కోడె దాన్ని వాసన చూస్తది, నాకుతది, దానికి పెయ్యి రుద్దుకుంటది. ఐదోనాడు మెడ మీద పెట్టి ఎంటనే తీస్తడు. తెల్లారి జరంత సేపు ఉంచుతడు. నాగలి ఉండదు. కోడెకు కాడంటే ఇంత సప్పగ ఉంటదా అనిపియ్యాలె. అప్పుడు దున్నుడు. నాయిన అలవాటు చేసిన కోడె ఒక్కటి గుడ ఇప్పటిదాంక తన్నలే. ఊర్లె అందరు మా నాయిన తానకే తెస్తరు కోడెలను.

ఐలేశాన్ని గట్ల చేస్తే అయితదా?

బీరువను క్యాంపోళ్లు చాయ్ పొయ్యిల పెట్టిండ్రు. అండ్ల ఏమున్నయో నాకు ఎరుక లేదు.

భిక్షం


కొత్తకోట
2 మే 1949

చిరంజీవి భిక్షానికి,

నవ్వలేదు. నీ కార్డు మా అక్కయ్యకు చదివి వినిపించాను. "ఆ గాలయ్యను పంతులుగా వేస్తే పోయేది, నిన్ను వేసే బదులు" అంది. ఆమె మాట నాకు తప్పనిపించలేదు. పద్నాలుగేళ్లు పాఠం చెప్పాను. మీ నాన్న ఒక కోడెకు ఇచ్చినంత గడువు నేను ఏ పిల్లవాడికీ ఇవ్వలేదు. మొదటి రోజు గడప దగ్గర ఏడ్చిన పిల్లల్ని రెక్క పట్టుకొని లోపలికి లాగేవాణ్ణి, తల్లుల్ని "మీరు వెళ్లండి, మీరుంటే ఇంకా ఏడుస్తాడు" అని పంపేసేవాణ్ణి. వాళ్లు ఆ మూల మలుపు దాకా వెళ్లి నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే చూసీ చూడనట్టు తలుపు వేసేవాణ్ణి. అదే పద్ధతి అనుకున్నాను.

వాడు నాన్నను గురించి అడిగిన ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు. లేదని వాడికి చెప్పు. పంతులుకు కూడా తెలియదట అని చెప్పు.

నీ పద్ధతి మానకు. ఒక్కటే ఆలోచించు. కాడి పక్కన గడ్డి ఉంది కాబట్టి కోడె దగ్గరికి వచ్చింది. బడి దగ్గర మీ వాడికి గడ్డి ఏమిటి?

రఘుపతి


తుమ్మలకుంట
రోహిణి కార్తె, ఎండలు మండుతున్నయి

పంతులు గారికి దండాలు. ఇది కార్డు కాదు, కాయితం. పక్కింటి అండాలక్క చిట్యాల అంగడికి పోతే తెచ్చిచ్చింది. "ఎవలికిరా గిన్ని రాస్తున్నవు, పిల్లనా?" అన్నది. నేను ఇంట్లకు ఉరికిన. మనిషి మంచిదే, నోరే ఆగదు.

గడ్డి దొరికింది. తాటిముంజలు. ఐలేశానికి ముంజలంటే పానం. మొదటిదినం వాగు కాడ కూసొని తిన్నం. తెల్లారి బడి బాట మొదలు కాడ. ఆ తెల్లారి బడి గోడ నీడకు. నేను బడి పేరు ఎత్తలే. వాడే చూసిండు. "ఇది బడి గద" అన్నడు. "అవు, నీడ మంచిగున్నది" అన్న. వాడు నన్ను అనుమానంగ చూసి ఇంకో ముంజ తిన్నడు. ఆరోనాటికి అరుగు మీద కూసున్నం. లోపలికి మాత్రం రాడు.

అటెంక నేను ఒక్కణ్ణే సున్నం ఏస్తందుకు లోపలికి పోయిన. పొయ్యి పెట్టిన మసి అంత గోడలకే ఉన్నది. కిటికీ కింద ఒక జాగల ఇనుప మొలతోని గీసిన గీతలు కండ్లవడ్డయి. ముందుగాల లెక్క గీతలనుకున్న. దగ్గరికి పోయి చూస్తే అక్షరం. ఐ. ఒక్కటే అక్షరం, ఇరవై ఒక్కసార్లు.

మా నాయినకు సదువు రాదు. ఐలేశం పోయినేడు వాని పేరుల మొదటి అక్షరం నేర్చుకొని ఇంట్ల గోడలు, గింజల గుమ్ములు, తెల్లకోడె వీపు, అన్నిటి మీద బొగ్గుతోని ఐ రాసిండు. అమ్మ కొట్టింది. నాయిన మాత్రం చూసుకుంట కూసునేటోడు. గది చూసి చూసి నేర్చుకున్నడు కావచ్చు. దినానికి ఒకటి గీసిండు. మా ఇంట్ల ఎవ్వలకు నాయిన చెప్పలే.

నేను సున్నం కూర్చ కింద పెట్టి బయటికొచ్చిన. నోరు ఎట్లనో పెగిలింది. "ఐలేశం, నాయిన నీ అక్షరం రాసిండురా, లోపలున్నది" అన్న. వాడు గడప కాడ ఆగిండు. నేను రమ్మన్లే. కోడె లెక్కనే వాడు తలకాయ ముంగటికి పెట్టి చూసిండు. అటెంక కాలు పెట్టిండు. కిటికీ కింద కూసొని ఒక్కొక్కటి ఏలుతోని ముట్టిండు.

"నాయినకు రాయొస్తలేదు" అన్నడు. "తోక అటు తిప్పొద్దు, ఇటు తిప్పాలె."

పొయ్యికాడి బొగ్గు తెచ్చి పక్కన మంచిగ ఒకటి రాసిండు. మా నాయిన చూసి నేర్చుకునేటట్టు పెద్దగ. గా జాగల నేను సున్నం ఎయ్యలే. మీరు కోపం చేసినా ఎయ్య.

ఇప్పుడు వాడు రోజు లోపలికి వస్తుండు, ఆడుతుండు. కని అంటడు, "కూసుంట, రాస్త. పేరు పిలిస్తే మాత్రం పలుక." ఎందుకురా అంటే, "హాజర్ అంటే ఇంటికి పోనియ్యరు. నాయిన ఇరవై ఒక్క దినాలు అన్నడు. ఇంటికొచ్చినంక గుడ అంటనే ఉన్నడు."

అమ్మ గుడ జర మెత్తవడ్డది. బడి వద్దు అంటలేదు, పేరు రాసుడు వద్దంటుంది. "పోయినేడు ఏదో కాయితం చూసుకుంట మొగోళ్లను పిలిచిండ్రు. ఇగ ఏ కాయితంల మా ఇంటి పేరు ఉండొద్దు" అంటది. బీరమ్మత్త గుడ గదే అంటది. ఆమె పెనిమిటిని క్యాంపుల నుంచి ఎటో తోలుకపోయిండ్రు, మల్ల రాలే. ఆమె బిడ్డ పుష్పకు ఇప్పుడు ఏడేండ్లు.

పంతులు, పదమూడో తారీఖు దగ్గరికొచ్చింది. మీరు ఎందుకు వస్తలేరు?

భిక్షం


కొత్తకోట
31 మే 1949

భిక్షం,

నీ కాగితం నాలుగు రోజులుగా నా జేబులో ఉంది.

మీ అమ్మ చెప్పిన ఆ కాగితం నాది. బడి హాజరు పట్టీ. నీలం అట్ట పుస్తకం. పిల్లవాడి పేరు, పక్కన తండ్రి పేరు, ఇల్లు ఏ వాడలోనో కూడా నా చేతి రాతతో ఉంది. గంటలో ఖాళీ చేయమన్నారు. నా పరుపు చుట్ట కట్టుకున్నాను. నా చెంబు, నా గొడుగు, పుస్తకాలు తీసుకున్నాను. పట్టీ చేతిలోకి తీసుకొని, మళ్లీ బీరువాలో పెట్టి తలుపు వేశాను. ఎందుకో తెలుసా? హాజరు పట్టీ బడి గడప దాటకూడదని నియమం. పద్నాలుగేళ్లలో ఒక్కసారీ దాటనివ్వలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు అందుకు నన్ను రెండుసార్లు మెచ్చుకున్నారు. గొడుగు తెచ్చుకున్నానురా, పట్టీని వదిలేసి వచ్చాను.

క్యాంపులో పట్టీ చూసి తండ్రుల్ని పిలిచారని శ్రావణంలో నా చెవిన పడింది. మీ ఊరు రావడానికి మొహం లేక ఇక్కడ అర్జీ పెట్టుకున్నాను. బీరువా గురించి అడిగింది కూడా అందుకే. కాలిపోయిందంటే, పట్టీ కూడా వాళ్లు చూడకముందే కాలిపోయిందేమోనని ఒక పూట ఆశపడ్డాను.

మీ నాన్న చేత ఆ హాజర్ అనిపించింది నేను. ఏ మొహం పెట్టుకొని ఐలేశాన్ని పేరు పెట్టి పిలవను?

రఘుపతి


తుమ్మలకుంట
జూన్ 4

పంతులు గారికి,

నాకు ఎరికే.

బీరువల ఏమున్నయో ఎరుక లేదని అబద్ధమాడిన. తప్పయింది. క్యాంపుకు నీళ్ల కుండలు మోసింది నేనే. నీలం అట్ట నా ముంగటనే తెరిచిండ్రు. మీ రాత నాకు ఎరుక గద, భ కు మీరు పొట్ట పెద్దగ పెడ్తరు. పాత పేజీల నా పేరు కొట్టేసి బడి మానినాడు అని రాసి ఉన్నది, తండ్రి గాలయ్య అన్నది మాత్రం కొట్టెయ్యలే. కుండ చేతుల నుంచి జారింది. పలిగినందుకు కట్టె దెబ్బ ఒకటి తిన్న.

ఇంట్ల చెప్పలే. ఊర్లె చెప్పలే. చెప్తే మీరు రారు. మీరు రాకుంటే ఐలేశం నా లెక్క ఐతడు, కార్డు రాస్తందుకు నాలుగు దినాలు పట్టే మనిషి. నోరు లేనందుకు నాకు గప్పుడొక్కసారి మంచిగనిపిచ్చింది.

కని ఇప్పుడు చెప్పాలె పంతులు. మీరే చెప్పాలె. ముందుగాల గది చెప్పి, అటెంక బడి తెరువుండ్రి. తిడ్తరు. మా అమ్మ ఐతే మస్తు తిడ్తది. తిట్టినంక బువ్వ పెడ్తది, నాకెరుక.

ఇంకొకటి. పేరు పిలిస్తే హాజర్ అనే అనాల్నా? ఇంకో మాట అంటే రాజ్యం ఒప్పుకోదా? ఇంట్ల అమ్మ "ఐలేశం, యాడున్నవ్‌రా" అంటే వాడు "ఉన్న" అంటడు. పెరట్ల నుంచి, చెట్టు మీద నుంచి, యాడున్నా గదే. గా మాటకు వాడు ఎప్పుడు భయపడలే. నిన్న గోడ కాడ నేను పేరు పిలిచి చూసిన. ఉన్న అన్నడు, ఎంటనే. అన్నంక వాడే నవ్విండు.

భిక్షం


కొత్తకోట
8 జూన్ 1949

చిరంజీవి భిక్షానికి,

అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఆదివారం పొద్దుగూకే లోపు తుమ్మలకుంటలో ఉంటాను. ముందు పట్టీ సంగతి, తర్వాతే బడి. నువ్వు చెప్పిన వరసలోనే.

రాజ్యం ఒప్పుకుంటుందో లేదో అడగను. అడిగి చేసిన పనులు చాలా ఉన్నాయి నా లెక్కలో.

ఉన్న. రెండక్షరాలు. నేను నేర్పిన అక్షరాలతో నువ్వు నాకు నేర్పావు.

రఘుపతి


తుమ్మలకుంట బడి
13 జూన్, సోమవారం, మధ్యాహ్నం

భిక్షం,

పొద్దున నీ కోసం చూశాను. నువ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఐలేశం చెప్పాడు: గంట కొడితే నాన్న లేచి వచ్చేస్తాడేమోనని దూరపు చేనుకు తోలుకుపోయావట. అందుకే ఇక్కడ జరిగింది రాసి వాడి చేతికే ఇస్తున్నాను.

తొమ్మిది మంది పిల్లలు వచ్చారు, వాళ్ల వెంట తల్లులు. ఈసారి ఏ తల్లినీ వెళ్లమనలేదు. అరుగు మీద కూర్చోమన్నాను. గంట కొట్టే ముందు నిలబడి, నీలం అట్ట పుస్తకం సంగతి మొత్తం చెప్పాను. గొడుగు సంగతి కూడా.

బీరమ్మ లేచింది. "పంతులూ, నీ గొడుగు బాగున్నదా?" అంది. అంతే. పుష్ప చెయ్యి పట్టుకొని వెళ్లిపోయింది. ఆ ప్రశ్న నేను బతికున్నంతకాలం వింటాను. వినాలి కూడా.

అప్పుడు మీ అమ్మ నర్సింగమ్మ లేచింది. నువ్వు చెప్పినట్టే తిట్టింది. నువ్వు చెప్పినదానికంటే ఎక్కువే తిట్టింది. తిట్టి తిట్టి దమ్ము తీసుకొని, "కొత్త పట్టీ యాడ?" అని అడిగింది. చూపించాను.

"తండ్రి పేరు రాసే జాగ ఏది?"

"ఇదమ్మా."

"అండ్ల నా పేరు రాయి. నర్సింగమ్మ అని. రేపు ఏ రాజ్యం వచ్చి పిలిచినా నేనే వస్త. నాకు హాజర్ గీజర్ రాదు. ఎందుకు పిలిచినవ్‌రా అని అడుగుడు వస్తది."

అరుగు మీద తల్లులందరూ ఒక్కసారి నవ్వారు. ఏడాదిగా మూతపడిన ఆ గదిలో మొదట వినిపించింది పాఠం కాదు, ఆ నవ్వు. మిగతా తల్లులు కూడా తమ పేర్లే రాయమన్నారు. ఆ గడిలో తల్లి పేరు రాయమని ఏ నియమంలోనూ లేదు. రాశాను. మీ అమ్మ తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. "గింత పొడుగున్నదా నా పేరు!" అని ముక్కున వేలేసుకుంది. రేపు బొగ్గు తెచ్చుకొని వస్తుందట, నేర్చుకోవడానికి.

తర్వాత పేర్లు పిలిచాను. "ఐలేశం, తల్లి నర్సింగమ్మ." వాడు కిటికీ కింద, మీ నాన్న రాసిన గీతల పక్కన కూర్చున్నాడు. ముందు వాళ్ల అమ్మ వైపు చూశాడు. తర్వాత బయట బాట వైపు చూశాడు. అది ఇంటికి పోయే బాట. బాట ఖాళీగానే ఉందని చూసుకొని, "ఉన్న" అన్నాడు. చెట్టు మీద నుంచి అన్నట్టు, గట్టిగా. మీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒకటి నీకే చెబుతున్నాను. ఈ సాయంత్రం నుంచి పట్టీ నా సంచిలో గడప దాటుతుంది. రోజూ.

అక్కడ చేనులో ఏం జరిగింది? నోటితో చెప్పలేవు, నాకు తెలుసు. రాసి పంపు.

రఘుపతి


పలక మీద, ఐలేశం చేతికిచ్చి పంపింది
మంగళవారం

పంతులుకు. కాయితం లేదు, పలక మీద రాస్తున్న. చదివి తుడిచి మీరు రాయండ్రి. గంట చేనుకాడికి ఇనవడ్డది. గాలి అటే ఉండె. నాయిన నాగలి ఇడిసి నిలవడ్డడు. చేతులు దగ్గరికి


పలక మీద, పంతులు రాత
మంగళవారం సాయంత్రం

దగ్గరికి? జాగ లేకపోతే పలకకు రెండో వైపు ఉంది కదరా!


పలక మీద
బుధవారం, రెండు దిక్కుల

చేతులు దగ్గరికి వచ్చినయి. హాజర్ అనలే. బడి దిక్కు చూసుకుంట నిలవడ్డడు. నేను పోయి పక్కన నిలవడ్డ. తెల్లకోడె గుడ ఆగింది. మొన్ననే కాడి కట్టిన కోడె, మెడ ఇడిపిచ్చుకొని ఉరుకలే. మా నాయిన చేసిన పని చూడండ్రి.

(రెండో దిక్కు)
మాపటికి ఇంటికొచ్చినం. నాయిన అడిగిండు, "మనోని పేరు పిలిచిండ్రా?" పిలిచిండ్రని అమ్మ చెప్పింది. "ఏమన్నడు?" "ఉన్న అన్నడు" అన్నది. నాయిన ఐలేశాన్ని దగ్గరికి గుంజుకొని తలకాయ మీద చెయ్యి పెట్టిండు. చానసేపు తియ్యలే. ఐలేశం అన్నడు, "నాయినా, నువ్వు ఐ తప్పు రాసినవ్."


పలక మీద, పంతులు రాత
బుధవారం సాయంత్రం

దిద్దడానికి నాన్నను బడికి రమ్మను. నేను గంట కొట్టను. పేరు పిలవను. బాట దాకా ముంజలు పెడతాను.
ఇంకొక మాట: ఇవాళ పుష్ప వచ్చింది. వాళ్లమ్మ లోపలికి రాలేదు, మలుపు దగ్గర నిలబడింది. నేను తలుపు వేయలేదు.


పలక మీద
శుక్రవారం

పంతులు. ఇయ్యాల పొద్దుగాల నాయిన బువ్వ తింటుండు. అండాలక్క గోడ అటు దిక్కు నుంచి ఆమె తీరుగనే గట్టిగ "గాలయ్యన్నా" అని ఒర్రింది. నేను, అమ్మ, ఐలేశం, ముగ్గురం చెయ్యి కంచంల పెట్టి అట్లనే ఆగినం.

నాయిన లెవ్వలే. నోట్ల ముద్ద ఉన్నది. అది మింగిండు.

"ఉన్ననే. ఏంది?" అన్నడు.